తలుపు కొట్టింది అత్తమ్మే

చండూరు దగ్గరి ఒక ఊరి నుంచి పాఠకురాలొకరు తొమ్మిది పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు, వేయడం లేదు. వయసు 38. ఉస్మానియాలో కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేశారు. నల్గొండలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్తారు, రోజూ బస్సులో పోయి వస్తారు. భర్త ఇంటర్‌తో ఆపేసి బత్తాయి తోట, కొంత వరి చూసుకుంటారు. కూతురు ఎనిమిదో తరగతి. ఇంటి పెత్తనమంతా అత్తమ్మది. ఆమెకు 63 ఏళ్లు, వేలిముద్ర మనిషి.

మొన్నటి చలికాలంలో ఒక శనివారం, ఇంట్లో అందరూ తోటకు పోయిన వేళ, ఈమెకు ఫోన్ వచ్చింది. మీ ఆధార్ నంబరు మీద ముంబై నుంచి పంపిన పార్శిల్‌లో మత్తుమందులు దొరికాయన్నారు. ఆ వెంటనే వీడియో కాల్. తెర మీద ఖాకీ బట్టలు, వెనక గోడకు మూడు సింహాల బొమ్మ. గది తలుపు వేసుకొమ్మన్నారు, ఎవరికైనా చెప్తే వాళ్ల పేరూ కేసులో ఎక్కుతుందన్నారు. సుప్రీంకోర్టు ముద్ర ఉన్న కాగితం వాట్సాప్‌లో పంపారు. ఐదు గంటలు ఆమె కుర్చీలోంచి లేవలేదు. మంచినీళ్లకు లేవాలన్నా వాళ్ల అనుమతి అడిగారట. బిడ్డ పేరుతో దాచిన ఫిక్స్‌డ్ డిపాజిట్ ఫోన్లోనే విడగొట్టి 3,40,000 రూపాయలు పంపారు. ఇంకో రెండు లక్షలకు బంగారం కుదువ పెట్టమని వాళ్లు చెప్తుండగా, తోట నుంచి తిరిగొచ్చిన అత్తమ్మ తలుపు బాదింది.

ఆ ఘట్టాన్ని ఉత్తరంలోంచి ఉన్నదున్నట్టే ఇస్తున్నాను. "ఏంది బిడ్డా, పొద్దటి సంది తిండి లేదు తిప్పల్లేదు, ఎవలతోని గంత ముచ్చట అనుకుంట లోపలికొచ్చింది. నా మొఖం చూసి ఫోన్ గుంజుకున్నది. ఏ ఠాణా సారూ మీది? పోలీసోడైతే ఇంటికొస్తడు, లేకుంటే ఠాణాకు రమ్మంటడు. ఫోన్ల కూసోవెట్టి పైసలడిగే పోలీసోన్ని నేనెక్కడ సూడలే. ఆగు, మా సర్పంచుతోని మాట్లాడిపిస్త అన్నది. అవతల కట్ అయిపోయింది."

తర్వాత భర్త ఒక్క మాట అనలేదు. అయితే ఏటీఎం కార్డు తన జేబులో పెట్టుకున్నారు, ఈమె ఫోన్లోంచి పైసలు పంపే యాప్ తీసేశారు. ఒక పెండ్లిలో ఆడబిడ్డ నలుగురి ముందు "చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊకనే అన్నరా" అని నవ్వింది. అన్నిటికంటే కూతురి మాట బాగా గుచ్చుకుంది: "నానమ్మ చదువుకోలే, మంచిగ నవ్వుకుంట ఉంటది. నువ్వు గంత చదివి ఏడుస్తున్నవ్. నేనెందుకు చదవాలె?"

ఆమె అడిగినవి ఇవి. చదువు మనిషిని నిజంగానే దద్దమ్మను చేస్తుందా? అత్తమ్మలా లోకజ్ఞానం ఉన్నవాళ్లే సుఖంగా బతుకుతారా? తన జీతం మీద తనకు మళ్లీ హక్కు ఎట్లా వస్తుంది? బిడ్డకు ఏం చెప్పాలి? లేక బిడ్డ చదువు వంకతో నల్గొండలో వేరే ఇల్లు తీసుకొని వెళ్లిపోవడమే మంచిదా?

మీ ఉత్తరం నాలుగు రోజులు నా బల్ల మీదే ఉంది. మొదటిసారి చదివినప్పుడు మీ మీద జాలి వేసింది. రెండోసారి మీ అత్తమ్మ మీద ముచ్చట వేసింది. మూడోసారి చదువుతుంటే మీకే తెలియకుండా రాసేసిన మాటలు కొన్ని కనబడ్డాయి. జవాబంతా వాటిలోనే ఉంది.

ముందుగా మోసం సంగతి. ఫోన్లో, వీడియోలో అరెస్టు చేయడమనేది మన చట్టంలో ఎక్కడా లేదు. ఇది ఎంతమందికి తెలియదంటే, 2024 అక్టోబర్ 27న సాక్షాత్తు ప్రధానమంత్రే రేడియోలో దీని గురించి మాట్లాడాల్సి వచ్చింది. అదే ఏడాది లూధియానాలో పెద్ద బట్టల మిల్లుల కంపెనీ అధిపతి, పద్మభూషణ్ అందుకున్న మనిషి, నకిలీ సుప్రీంకోర్టు విచారణను నమ్మి 7 కోట్లు పంపాడు. మీరు పడ్డ గుంతలో మీకంటే ముందు బాగా చదివినవాళ్లు, బాగా వ్యాపారం తెలిసినవాళ్లు కూడా పడ్డారు. మీకు ఓదార్పు కోసం ఈ మాట చెప్పడం లేదు. ఎందుకు పడ్డారో మీరు తెలుసుకోవాలి.

నేను ముప్పై రెండేళ్లు జడ్చర్ల చుట్టుపక్కల బడుల్లో పాఠాలు చెప్పిన మనిషిని. ఎన్ని పరీక్ష హాళ్లలో డ్యూటీ చేశానో లెక్కలేదు. "పక్కకు తిరగొద్దు, మాట్లాడొద్దు, మంచినీళ్లు కావాలంటే చెయ్యెత్తు, టైం అయ్యేదాకా లేవొద్దు." మీరు రాసిన ఆ ఐదు గంటలూ చదువుతుంటే నాకు నా మాటలే వినబడ్డాయి. ఆ దొంగ మిమ్మల్ని కూర్చోబెట్టింది పరీక్ష హాల్లో. ఆ హాల్లో చెప్పినట్టు విన్నందుకే మీరు పదో తరగతి నుంచి పీహెచ్‌డీ దాకా నెగ్గుకొచ్చారు. ముద్ర ఉన్న కాగితం, యూనిఫాం వేసుకున్న మనిషి, గడువు. ఈ మూడు కనబడితే తల వంచడం మీకు పాతికేళ్లు అలవాటు చేశాం. చేసినవాళ్లలో నేనూ ఉన్నాను.

మీ అత్తమ్మ ఆ హాల్లో ఎన్నడూ కూర్చోలేదు. ఆమె చూసిన ఆఫీసులు వేరు. పట్వారీ దగ్గర, విత్తనాల దుకాణంలో, బత్తాయి తూకం దగ్గర, సారా కాంట్రాక్టు రోజుల్లో వాకిట్లోకొచ్చిన ఎక్సైజ్ జవాన్ల ముందు, పెద్ద గొంతుతో మాట్లాడేవాళ్లందరి ముందూ నిలబడి నిలబడి, ఎవరి గొంతు వెనక అధికారం ఉంది, ఎవరి వెనక ఒట్టి గాలి ఉంది అనేది ఆమె పట్టేస్తుంది. ఆ తెలివి ఊరికే రాలేదు. ఒకరోజు తీరిగ్గా కూర్చొని "అత్తమ్మా, నీకు మొదటిసారి ఎవరు టోపీ పెట్టారు?" అని అడిగి చూడండి. ఒకటి కాదు, నాలుగైదు కథలు వస్తాయి. ఆమె కూడా ఫీజులు కట్టే నేర్చుకుంది. మీది ఒకేసారి కట్టిన పెద్ద ఫీజు.

ఆమె లెక్క గురించి మీరు రాసింది నాకు బాగా నచ్చింది. టన్ను 22,000 చొప్పున 3 టన్నుల 800 కిలోలకు ఎంతని బేరగాడు అడిగితే మీరు ఫోన్లో కాలిక్యులేటర్ వెతుకుతున్నారు. ఈలోపే ఆమె "నాలుగు టన్నులకు ఎనభై ఎనిమిది వేలు, అండ్ల రెండొందల కిలోలవి తీసెయ్, నాలుగువేల నాలుగొందలు, ఇగ ఎనభై మూడువేల ఆరొందలు పెట్టు" అంది. బ్రెజిల్‌లో రెసిఫే నగరంలో వీధుల్లో కాయా పండూ అమ్ముకునే పిల్లల మీద చేసిన ఒక పరిశోధన 1985లో అచ్చయింది. బేరంలో అడిగినప్పుడు ఆ పిల్లలు నూటికి 98 లెక్కలు సరిగ్గా చెప్పారు. అవే లెక్కలు కాగితం మీద ఒట్టి అంకెలుగా ఇస్తే నూటికి 37 మాత్రమే చేయగలిగారు. అందులో పన్నెండేళ్ల పిల్లాడొకడు కొబ్బరికాయ 35 అయితే పది కాయలకు ఎంతో చెప్పాడు. మూడు కాయలకు 105, ఇంకో మూడింటికి 210, ఇంకో మూడింటితో 315, ఇంకొకటి కలిపి 350. సరిగ్గా మీ అత్తమ్మ బాణీ.

ఈ కథ చెప్పి బడి దండగ అని చప్పట్లు కొట్టించుకునేవాళ్లున్నారు. నాకు మాత్రం ఆ పిల్లాడి మీద గౌరవంతో పాటు దిగులు కూడా కలుగుతుంది. పదితో గుణించాలంటే పక్కన సున్నా పెడితే చాలన్న సంగతి వాడి బేరంలోకి రాలేదు. పది కాయల దాకా వాడు రాజే. ఒక లారీ లోడు వస్తే పక్కన కూర్చున్న గుమాస్తా ఏం రాస్తే అదే లెక్క.

అత్తమ్మ తెలివికీ ఇట్లాంటి ఎల్లలున్నాయి. మీ ఉత్తరంలోనే ఉన్నాయి. ఏడో పేజీలో ఒక వాక్యం రాసి కొట్టేశారు, అయినా చదవడానికి వచ్చింది. ఆమె బీపీ మాత్రలను రంగు చూసి గుర్తుపెట్టుకుంటుందనీ, దుకాణంలో వేరే కంపెనీ మాత్రలు ఇచ్చేసరికి రంగు మారి, రెండు వారాలు పొద్దునదీ రాత్రిదీ తారుమారు చేసి వేసుకుందనీ రాశారు. ఎందుకు కొట్టేశారు? ఆమెను తక్కువ చేసినట్టు అవుతుందనా? పెండ్లిలో ఆడబిడ్డ మీ గురించి అన్నప్పుడు ఎవరూ ఏదీ కొట్టేయలేదు కదా.

రెండోది, మీ మామగారు 1996లో తెల్లకాగితం మీద రాయించుకొని కొన్న ఎకరం. ఇప్పటికీ మీ పేరున ఎక్కలేదని ఒక్క ముక్కలో దాటేశారు. మీరు పోగొట్టుకున్న 3,40,000 గురించి రెండున్నర పేజీలు రాశారు, ఆ ఎకరం గురించి ఒక్క ముక్క. ఈ రోజు చండూరు పక్కన ఎకరం ధర ఎంతో మీ ఆయనకు తెలుసు. నోటిమాటా, నమ్మకమూ తెలిసిన మనుషులే ఆ బేరం చేశారు. లోకజ్ఞానానికి లోటు లేదు. రిజిస్ట్రేషన్ ఆఫీసు మెట్లు ఎక్కడమే తక్కువైంది.

మూడోది నీళ్లు. మీ జిల్లాలో ఈ మాట ఎత్తితే నాకు కొంచెం ఆవేశం వస్తుంది, ఓపిక పట్టండి. మునుగోడు, మర్రిగూడ, చండూరు వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ తరాల తరబడి ఎముకలు వంచేసింది. ఆ నీళ్లు చూడ్డానికి తేటగా ఉంటాయి, తాగితే తియ్యగా ఉంటాయి. ఏ పెద్దమనిషి నాలుకకూ ఫ్లోరైడ్ అందలేదు. తరాల అనుభవం ఉన్న ఊళ్లు ఆ నీళ్లే తాగాయి. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ముప్పని చెప్పింది ల్యాబే. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి ఫ్లోరైడ్‌ను కిందికి దించే పద్ధతికి నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు మీ జిల్లా పేరే పెట్టారు. నల్గొండ టెక్నిక్ అంటే దేశదేశాల్లో తెలుసు. ఇది పుస్తకాల వాళ్లు చేసిన పని.

ఇప్పుడు మీ ఇంట్లో ఏమవుతోంది? ప్రభుత్వ పథకం మిషన్ భగీరథ నల్లా నీళ్లు బోళ్లు తోమడానికి, బోరు నీళ్లు తాగడానికి. పైగా మనవరాలి కోసం అత్తమ్మ ప్రేమగా మరగబెడుతోంది. కెమిస్ట్రీ చదివిన మీకు తెలుసు, మరిగిస్తే పురుగు చస్తుంది గానీ ఫ్లోరైడ్ ఎక్కడికీ పోదు. నీళ్లు ఆవిరై అది ఇంకా చిక్కబడుతుంది. "2.6 పీపీఎం ఉందని చెప్తే నవ్వారు" అని రాశారు. నవ్వరా మరి! పీపీఎం అంటే లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని ఆ ఇంట్లో ఎవరికి తెలుసు? మీరు క్లాసులో చెప్పినట్టు చెప్పి, వాళ్లు వినలేదని వదిలేశారు. బిడ్డ ఆ నీళ్లే తాగుతోంది.

మిమ్మల్ని గట్టిగా ఒక మాట అనాలంటే ఇక్కడే అంటాను, డబ్బు దగ్గర కాదు. మోసపోయిన రోజు మీరు భయంలో ఉన్నారు. నీళ్ల విషయంలో ఏ భయమూ లేదు, చెప్పే దారి వెతుక్కోలేదంతే. ఒక పని చేయండి. గిన్నెలో రెండు గ్లాసుల నీళ్లు పోసి చిటికెడు ఉప్పు వేసి, ముందు అత్తమ్మకే రుచి చూపించండి. తర్వాత అవి ఒక గ్లాసు అయ్యేదాకా మరిగించి, చల్లార్చి మళ్లీ ఆమె నాలుక మీదే వేయండి. "ఉప్పు ఎక్కువైంది గదా అత్తమ్మా, మనం మళ్లీ ఎయ్యలేదు. బోరు నీళ్లల్ల ఉన్నది గూడ గిట్లనే ఎక్కువైతది" అంటే చాలు, పీపీఎం అక్కర్లేదు. ఇంకా నమ్మకపోతే మీ కాలేజీ ల్యాబ్ ఉంది. జిర్కోనియం, అలిజరిన్ కలిపిన ఎర్రటి ద్రావణం ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ పసుపుకు తిరుగుతుంది. ఒక సీసాలో బోరు నీళ్లు, ఒక సీసాలో నల్లా నీళ్లు పెట్టి ఆమె కళ్ల ముందే చేయండి. రంగు చూసి మాత్రలు గుర్తుపట్టే మనిషికి రంగు భాష అర్థం కాదా?

ఇక సుఖం సంగతి. అత్తమ్మ సుఖంగా ఉండటానికి ఆమెకు చదువు లేకపోవడమే కారణమని మీ బిడ్డ అనుకుంటోంది. మీరూ సగం నమ్మినట్టున్నారు. కానీ ఆమె రోజు ఎట్లా గడుస్తుందో మీరే రాశారు. సాయంత్రం అరుగు మీద నలుగురు ఆడవాళ్లు చేరతారు. పొద్దున జరిగిన ప్రతి చిన్న విషయమూ, కోడి గుడ్డు పెట్టింది మొదలు సర్పంచు ఇంట్లో లొల్లి దాకా, పడుకునే లోపు నలుగురి చెవిన పడుతుంది. ఏ దిగులూ ఆమె దగ్గర రాత్రి దాటదు. మీ రోజు చూడండి. పోనూ రానూ బస్సు, మూడు క్లాసులు, ఆన్సర్ షీట్లు, ఇంటికొచ్చాక వంట. తొమ్మిది పేజీల్లో మీ స్నేహితురాలని ఒక్క పేరూ లేదు. మీ ఆయనతో మాట్లాడిన మాటలు రెండే ఉన్నాయి, రెండూ పైసల గురించే. ఆ ఐదు గంటలూ తలుపు లోపల ఒంటరిగా ఉన్నారనుకుంటున్నారు. నాకైతే మీరు అంతకు ముందు నుంచే లోపల ఉన్నట్టు అనిపిస్తోంది. వాడు చేసిందల్లా గడియ వేయించడం.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

కార్డు మీ ఆయన దగ్గరే ఉండనివ్వొచ్చు. గొడవ ఉండదు, మీకూ కొన్నాళ్లు మనసు కుదుటపడుతుంది. అయితే ఏడాది తిరిగేసరికి జీతం ఎటు పోతుందో మీకు తెలియదు, అడగడానికి మొహం చెల్లదు. బిడ్డ ఇవన్నీ చూస్తూనే ఉంటుంది. అదీ గాక, ఆ ఫోన్ రేపు మీ ఆయనకే వస్తే? వాళ్లు ఇంటర్ వాళ్లను వదిలేస్తారని రూలేం లేదు. లోన్ ఇప్పిస్తామనో, ట్రాక్టర్ సబ్సిడీ వచ్చిందనో ఆయన కోసం వేరే కథ తయారుగా ఉంటుంది.

లేదంటే "నా జీతం, నా కార్డు" అని తీసేసుకోవచ్చు. న్యాయంగా అది మీదే, కాదనే హక్కు ఎవరికీ లేదు. అడిగితే ఇచ్చే మనిషిలాగే ఉన్నారు మీ ఆయన. కానీ రేపు నూరు రూపాయల రీఛార్జి తప్పుగా చేసినా అది రెండో తప్పు కింద రాసుకుంటారు. ఆ బరువు మోయగలనంటే తీసుకోండి.

నేనైతే మధ్యలో ఒకటి ప్రయత్నిస్తాను. కార్డు మీ దగ్గర. బ్యాంకులో రోజువారీ బదిలీ హద్దు తగ్గించుకోండి. బిడ్డ కోసం మళ్లీ వేసే డిపాజిట్ ఇద్దరి పేర్ల మీద, ఇద్దరూ సంతకం చేస్తేనే విడగొట్టేలా పెట్టించుకోండి. ఇంట్లో ఒక కట్టుబాటు: ఐదువేలు దాటిన ఏ పైసలైనా పంపేముందు ఇంకొకరికి నోటితో చెప్పాలి. మీరూ, మీ ఆయనా, అత్తమ్మా, ముగ్గురూ. అనుమతి అక్కర్లేదు, చెప్తే చాలు. ఈ కట్టుబాటు మీ ఒక్కరికే అయితే శిక్షలా ఉంటుంది, ముగ్గురికీ అయితే ఇంటి పద్ధతి అవుతుంది. ఇందులో చిక్కేమిటంటే మొదట్లో అత్తమ్మ నవ్వుతుంది, మీ ఆయన రెండుసార్లు మరచిపోతారు. మూడోసారి మీరు గుర్తుచేయాలి, గొంతు పెంచకుండా. అది మీకు చేతకాని పని అని ఉత్తరం చూస్తే తెలుస్తోంది. చేతకానిదే నేర్చుకోవాల్సింది. నేను గ్యాస్ బండకు రెగ్యులేటర్ బిగించడం రిటైరయ్యాక నేర్చుకున్నాను. అప్పటిదాకా పక్కింటి పిల్లాణ్ని పిలిచేదాన్ని, హెడ్‌మిస్ట్రెస్‌ననే బింకం కూడా లేకుండా.

నల్గొండలో వేరే ఇల్లు విషయం. ఎత్తిపొడుపులు రోజూ సాగి, బిడ్డ ముందు మీకు విలువ లేకుండా పోతే వెళ్లండి, తప్పు లేదు. బస్సు తిప్పలు తప్పుతాయి, బిడ్డకు నల్లా నీళ్లు దక్కుతాయి. కానీ ఈ అవమానం నుంచి పారిపోవడానికే అయితే ఒకటి గుర్తుంచుకోండి. ఆ ఇంట్లో పొద్దంతా మీరు, ఒక ఫోను, బడికి పోయిన బిడ్డ. మధ్యాహ్నం మూడింటికి తలుపు బాదే మనిషి ఉండదు.

బిడ్డకు ఏం చెప్పాలన్నారు. ఏమీ చెప్పకండి. చదువు గొప్పదని పదమూడేళ్ల పిల్లకు ఉపన్యాసం ఇస్తే పారిపోతుంది, నా సర్వీసంతా అదే చూశాను. దానికి ఒక ఉద్యోగం ఇవ్వండి. నానమ్మ మాత్రల డబ్బాకు అదే బాధ్యురాలు. అట్ట మీద పేరు, మోతాదు, గడువు చదివి, పొద్దునవాటికి సూర్యుడు, రాత్రివాటికి చందమామ బొమ్మ అంటించాలి. ఆ పనిలో చదువుందో లేదో అదే చూసుకుంటుంది. దానికి బదులు నానమ్మ దానికి బత్తాయి లెక్క నేర్పాలి, నాలుగు టన్నులకు పెంచి రెండొందల కిలోలు తీసేసే లెక్క. మీరూ పక్కన కూర్చుంటే నష్టం లేదు.

ఆడబిడ్డ మాటకు జవాబు అక్కర్లేదు. మళ్లీ అంటే "అవునక్కా, అందుకే నీకు చెప్తున్న, గట్లాంటి ఫోనొస్తే 1930కి కొట్టు" అనండి. మీరు చెప్పుకోలేక రాత్రంతా ఆగి మర్నాడు పదకొండింటికి ఆ సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి చేశారు కాబట్టే 42,000 మాత్రమే అవతలి ఖాతాల్లో ఆగాయి. మొదటి గంటలో చేసినవాళ్లకు ఎక్కువ ఆగే అవకాశం ఉంటుంది, డబ్బు చేతులు మారకముందే పట్టుకోవాలి గదా. మీ అనుభవం ఆ ఊళ్లో నలుగురికి చెప్తే మీ సిగ్గు కొంత తగ్గుతుంది. అత్తమ్మ అరుగు మీద ఒక సాయంత్రం మీరు కూడా కూర్చొని మీ నోటితోనే చెప్పండి, ఇంకొకరు చెప్పకముందే.

ఆ ఎకరం సంగతి మీ చేతిలోకి తీసుకోండి. 2014 జూన్ 2కు ముందు సాదాబైనామా, అంటే రిజిస్ట్రేషన్ లేని తెల్లకాగితం ఒప్పందం మీద కొన్న సన్న, చిన్నకారు రైతుల నుంచి ప్రభుత్వం 2020 అక్టోబర్, నవంబర్‌లలో దరఖాస్తులు తీసుకుంది. అది కోర్టుకెక్కి ఏళ్లు ఆగింది. 2025లో వచ్చిన భూభారతి చట్టంలో ఆ దరఖాస్తుల పరిష్కారానికి దారి పెట్టారు. అప్పట్లో మీవాళ్లు దరఖాస్తు పెట్టారా, రశీదు ఉందా, ముందు బీరువాలో వెతకండి. రశీదు దొరికితే తహసీల్దార్ ఆఫీసులో ఏ దశలో ఉందో అడగాలి. పెట్టకపోయి ఉంటే వకీలును కలిసి వేరే దారి చూడాలి. సాక్షి సంతకాలు పెట్టినవాళ్లలో ఎవరు బతికున్నారో అత్తమ్మకు తెలుసు. ఆ కాగితంలో సర్వే నంబరు, హద్దులు సరిగ్గా ఉన్నాయో లేదో మీరు చదవగలరు.

ఆగిన 42,000 కూడా వాటంతట అవి మీ ఖాతాలోకి రావు. మన రాష్ట్రంలో ఇట్లా ఆపిన డబ్బును లోక్ అదాలత్ ద్వారా బాధితులకు తిరిగి ఇప్పిస్తున్నారు. మీ ఫిర్యాదు నంబరు, ఎఫ్ఐఆర్ కాపీ, ఆ రోజు బ్యాంకు స్టేట్‌మెంట్, ఆధార్ జిరాక్సు ఒక ఫైల్లో పెట్టుకొని, వచ్చే అదాలత్ ఎప్పుడో స్టేషన్లో కనుక్కొని పొండి. అత్తమ్మను వెంట తీసుకుపోండి, ఏ టేబుల్ దగ్గర ఎవరిని అడగాలో మీరు బోర్డులు చదివేలోపు ఆమె కనుక్కుంటుంది. పొద్దున పదింటికల్లా అక్కడుండాలంటే మొదటి బస్సు పట్టుకోవాలి. సద్ది సంగతి ఆమె చూసుకుంటుంది, తాగే నీళ్లు మాత్రం మీరు నల్లావి పట్టండి.